బిట్రగుంట లాంటి స్టీమ్ షెడ్‌ను డీజిల్ షెడ్‌గా మార్చేస్తే సరిపోయేది కదా?

పట్టాలపక్షి: ఇంజన్లను గుండ్రంగా నిలిపే రౌండ్‌హౌస్, వాటిని తిప్పే టర్న్‌టేబుల్, పని తెలిసిన మనుషులు అన్నీ నెల్లూరు జిల్లా బిట్రగుంటలోనే ఉండేవి కదా. బొగ్గు ఇంజన్లు పోయాక అక్కడే పెద్ద డీజిల్ షెడ్ ఎందుకు పెట్టలేదు? ఇంజను పొడవు అడ్డొచ్చిందా?

లోకోఫిట్టర్: పొడవు సమస్యే కాదండీ. డీజిల్ ఇంజను డబ్ల్యూడీఎం-2 పొడవు 17 మీటర్ల చిల్లర. బొగ్గు, నీళ్లు మోసే వెనక బండి, అంటే టెండరుతో కలిపితే గూడ్సు బొగ్గు ఇంజను డబ్ల్యూజీ అంతకంటే పొడుగు. అసలు శత్రువు బూడిద, బొగ్గు పొడి. డీజిల్ ఇంజెక్షన్ పంపులో కదిలే కడ్డీ ప్లంజర్‌కీ, దాని గొట్టం బ్యారెల్‌కీ మధ్య ఖాళీ మైక్రాన్లలో ఉంటుంది. బొగ్గు పొడి చేరితే పంపు అరిగి, ఇంజెక్టరు కారి, నల్లపొగ మొదలవుతుంది. అదే పొడి చక్రాలు తిప్పే ట్రాక్షన్ మోటార్లలో చేరి తడి తగిలిందంటే ఇన్సులేషన్ దెబ్బతిని, కరెంటు లీకును పట్టే గ్రౌండ్ రిలే పడుతుంది. పైగా పవర్ ప్యాక్ (డీజిల్ ఇంజను, జనరేటరు కలిసిన సెట్టు) ఎత్తడానికి పెద్ద ఓవర్‌హెడ్ క్రేన్, ఫుట్‌ప్లేట్ ఎత్తులో ప్లాట్‌ఫారాలు, ఆయిల్ పరీక్షకు ల్యాబ్ కావాలి. రౌండ్‌హౌస్ కప్పు కింద ఇవన్నీ ఇమడవు. కొత్తగా కట్టుకోవడమే నయం.

గూడ్సుగార్డు: దానికంటే ముందు, ఆ ఊళ్లో ఇంజను ఆగాల్సిన అవసరమే పోయింది. డబ్ల్యూజీ టెండరులో పట్టేది సుమారు 18 టన్నుల బొగ్గు, 5,000 గ్యాలన్ల నీళ్లు. దారిలో నీళ్లు పట్టాలి, నిప్పు శుభ్రం చేసి క్లింకరు (గడ్డకట్టిన బూడిద) లాగాలి, బూడిద గుంటలో దులపాలి. ఇక వాష్‌అవుట్ అంటే బాయిలరును నెమ్మదిగా చల్లార్చి, ప్లగ్గులు విప్పి, నీటి జెట్‌తో లోపలి మడ్డి కడగాలి. తొందరపడి వేడి బాయిలరులో చన్నీళ్లు పోస్తే లోపలి పలకలను పట్టి ఉంచే స్టేలు పగులుతాయి, ట్యూబుల చివర్లు కారతాయి. వందల మందికి పని దొరికింది ఇలాంటి పనుల్లోనే. డబ్ల్యూడీఎం-2 ట్యాంకులో 5,000 లీటర్ల డీజిల్ పడుతుంది. విజయవాడలో బయలుదేరితే మద్రాసు దాకా ఇంజను మార్చక్కర్లేదు. 1980 ప్రాంతంలో ఆ లైనుకు కరెంటు కూడా వచ్చేసింది.

పట్టాలపక్షి: మరి ఆ పనివాళ్ల నైపుణ్యం డీజిల్‌కు పనికొచ్చేదా?

లోకోఫిట్టర్: ఫిట్టర్లకు చాలావరకు పనికొచ్చేది. బాయిలర్‌మేకర్లకే కష్టం, డీజిల్‌లో బాయిలరే లేదు కదా. చెవితో, చేత్తో పట్టే లోపాలకు బదులు గేజీలు, రిలేలు చదవడం నేర్చుకోవాలి. ఎక్కువసేపు ఆపి ఉంచిన ఇంజనును నేరుగా స్టార్ట్ చేయకూడదు. ముందు ఆయిల్ మట్టం చూపే డిప్‌స్టిక్ చూడాలి, రేడియేటరు నీటి మట్టం చూడాలి. ఆయిల్ పాలలా తెల్లగా కనిపిస్తే అందులో నీళ్లు కలిశాయన్నమాట, సిలిండర్ లోపలి గొట్టం (లైనరు) సీలు గానీ, సిలిండర్ హెడ్ గానీ కారుతున్నట్టు. తర్వాత సిలిండర్ల టెస్ట్ కాక్‌లు (చిన్న కవాటాలు) తెరిచి క్రాంక్‌ను చేత్తో తిప్పాలి. ఎక్కడైనా నీళ్లు చిమ్మితే క్రాంకింగ్ మానేయాల్సిందే. పిస్టన్ నొక్కినా నీళ్లు కుదించుకోవు, దాంతో కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.