ఉట్నూరు బూడిద దిబ్బ: పేడను కుప్పపోసి ఎందుకు కాల్చారు?

కృష్ణాతీరం:
పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు) ఉన్న కొత్తరాతియుగపు బూడిద దిబ్బ, పశువుల పేడ కాలగా మిగిలినదని చదివాను. పేడంటే పొలానికి ఎరువు, పొయ్యిలోకి పిడక అని ఎరిగిన ఊళ్లో పెరిగినవాణ్ణి. దాన్ని గుట్టలుగా పోసి తగలబెట్టారంటే నమ్మబుద్ధి కావడం లేదు. పైగా పేడ కాలితే మెత్తని బూడిదే మిగలాలి కదా, ఈ దిబ్బల్లో ఇనుప చిట్టెంలాంటి గట్టి గడ్డలు దొరుకుతాయంటున్నారు. అవి కొలుముల అవశేషాలు కావా?

రాతిగొడ్డలి:
ఆ అనుమానం పాతదే. ఇవి అగ్నిపర్వతాల బూడిదని కూడా ఒకప్పుడు అనుకున్నారు. హంపి దగ్గరి నింబాపురం దిబ్బనైతే వాలిని దహనం చేసిన చోటుగా చెప్పుకుంటారు. ఇక గడ్డల సంగతి: పశువు మేసిన గడ్డిలోని సిలికా పేడలోనే మిగిలిపోతుంది. పొయ్యిలో పిడకకు అంత వేడి పుట్టదు గానీ, ఏళ్ల తరబడి పేరుకున్న పెంట లోలోపల రగిలితే ఆ సిలికా కరిగి, చల్లారాక గాజులా గట్టిపడుతుంది. 1957లో పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్ ఉట్నూరులో తవ్వినప్పుడు పశువుల దొడ్డి చుట్టూ గుంజలు పాతిన గుంతలు బయటపడ్డాయి. కాలిపోయిన దొడ్డి మీదే మళ్లీ దడి కట్టుకున్నారు. అన్నిటికీ మించి, బూడిదలో పశువుల గిట్టల అచ్చులు కనిపించాయి. కొలిమిలోకి ఆవులు రావు కదా.

ఉలవచారు:
కృష్ణాతీరం గారి అసలు ప్రశ్న, ఎందుకు కాల్చారన్నది, అలాగే ఉండిపోయింది. ఆల్చిన్ ఈ మంటలను హోళీ, సంక్రాంతి మంటలతో పోల్చి, ఏటేటా వచ్చే పండుగల ఆచారంగా ఊహించారు. ఊహ అందంగానే ఉంది గానీ, నాలుగు వేల ఏళ్లకు పైబడిన మంటకు నేటి పండుగను సాక్ష్యంగా తేవడం నాకు మింగుడుపడదు. కర్ణాటకలోని బూదిహాళ్‌లో కట్రగడ్డ పద్దయ్య గారి తవ్వకాల్లో దిబ్బ పక్కనే నివాసాలు, పశువులను కోసిన నేల, రాతి పనిముట్లు చేసిన చోటు బయటపడ్డాయి. అంటే ఇవి ఊరికి దూరంగా అడవిలో వేసిన పశువుల దొడ్లు మాత్రమే కావు. ఆ కాలపు ఆవాసాల మట్టిని నీళ్లలో కలిపి, పైకి తేలిన, కాలి బొగ్గైన గింజలను ఏరి చూస్తే ఉలవలు, పెసలు, అండుకొర్రలు కనిపించాయి. మందలు పెద్దవై, చేలు చిన్నవైతే పేడ మిగిలిపోవడంలో వింత లేదని నా అభిప్రాయం.

రాతిగొడ్డలి:
ఎరువు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను: ఈ దిబ్బల్లో చాలావాటిని తరవాతి కాలపు రైతులు తవ్వుకుని, ఆ బూడిదను చేలకు తోలుకున్నారు.