నీటి అడుగున రాకెట్ మోటార్: వాయుధార ఎందుకు నిలకడగా ఉండదు?

ప్రశ్న (కావలి, మెకానికల్ ఇంజనీరింగ్ విద్యార్థి):
పెద్దలకు నమస్కారం. మొన్న ముత్తుకూరు దగ్గర మా మేనమామగారి రొయ్యల చెరువు గట్టున ఏరేటర్ బాగుచేస్తుండగా కంప్రెసర్ గొట్టం జారి నీళ్లలో పడింది. గట్టుమీద ఒకే తీరుగా బుస్సుమన్న గాలి, నీటిలోకి వెళ్లగానే గుడగుడమంటూ విడతలు విడతలుగా వెలువడింది. కొసను చేత్తో పట్టుకుంటే, ఒక్కో బుడగ తెగినప్పుడల్లా అరచేతికి ఒక తోపు తగిలింది. కంప్రెసర్ మీటరు ముల్లు మాత్రం కదలలేదు. నీటిలో మండే రాకెట్ మోటార్ వాయుధార కూడా ఇలాగే ప్రవర్తిస్తుందా? అసలు ఆ మంట ఆరిపోకుండా ఎలా నిలుస్తుంది?

జవాబు (నెల్లూరు, విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు):
ఘన ఇంధనంలో అమ్మోనియం పర్‌క్లోరేట్ కలిసి ఉంటుంది కనుక, మండడానికి కావలసిన ఆక్సిజన్ అందులోనే దొరుకుతుంది. బయటి గాలితో దానికి పని లేదు. ఇంధనం మండే ఛాంబర్‌లో పీడనం 60 అట్మాస్ఫియర్లు అనుకుందాం. 30 మీటర్ల లోతున గాలిది ఒకటి, నీటిది మూడు కలిపి చుట్టూ ఉండేది సుమారు 4 మాత్రమే. ఇంత తేడా ఉన్నప్పుడు నాజిల్ (వాయువు బయటికి వెలువడే గొట్టం) గొంతు దగ్గర, అంటే దాని అన్నిటికన్నా ఇరుకైన చోట, వాయువు ధ్వని వేగాన్ని అందుకుంటుంది, బయటి అలజడి ఆ గొంతును దాటి ఛాంబర్‌లోకి చేరలేదు. మీ మీటరు ముల్లు కదలకపోవడానికి కారణం ఇదే.

జవాబు (ఒంగోలు, ద్రవగతిశాస్త్ర పరిశోధకురాలు):
మాస్టారు చెప్పిన సూత్రం సరైనదే కాని, ముల్లు విషయంలో నాకు సందేహం ఉందండి. కంప్రెసర్ ట్యాంకు పెద్దది, బుడగల తోపులు చిన్నవి. ముల్లు కదలకపోవడానికి ఆ ఒక్కటే చాలు. అసలు కథ నాజిల్ బయట జరుగుతుంది. నీరు గాలికన్నా సుమారు 800 రెట్లు బరువైనది కనుక, ఎదురుగా ఉన్న నీటిని వాయువు చప్పున తోసుకుపోలేక, మూతి దగ్గరే బుడగగా ఉబ్బుతుంది. ఒకసారి కదిలిన నీరు, బుడగలో పీడనం చుట్టుపక్కల కన్నా తగ్గిన తరువాత కూడా తన వేగంతో వెలుపలికే సాగి, ఆపైన వెనక్కి మళ్లి ధారను మెడ దగ్గర నొక్కుతుంది. దారి ఇరుకైన వాయువులో పీడనం పెరిగి, కొంత వెనుదిరిగి మోటార్ తోక పలకను కొడుతుంది. దీనినే బ్యాక్ అటాక్ అంటారు. మీ అరచేతికి తగిలిన తోపు దీనికి దగ్గరి చుట్టం. తోక మీద పీడనం ఇలా ఎగుడుదిగుడైనప్పుడల్లా థ్రస్ట్ (మోటార్‌ను ముందుకు నెట్టే బలం) కూడా ఊగుతుంది.

శ్రీహరికోట నుంచి లేచిన రాకెట్‌ను మన మేడల మీద నుంచి చూస్తే, పైకి పోయేకొద్దీ ధార విచ్చుకోవడం కనిపిస్తుంది, చుట్టూ పీడనం తగ్గుతుంది గనుక. లోతు పెరిగేకొద్దీ నీటిలో దానికి సరిగ్గా వ్యతిరేకం: ధార నలుగుతుంది, నాజిల్ గోడను విడిచిపోయే ప్రమాదం కూడా ఉంది. 1960 జూలై 20న జలాంతర్గామి నుంచి వదిలిన పొలారిస్ క్షిపణిని ముందు సంపీడిత వాయువుతో పైకి నెట్టి, నీటిని దాటాకే మోటార్ వెలిగించారు. ఈ చిక్కులన్నీ ఆ పద్ధతిలో తప్పుతాయి. రష్యావారి ష్క్వాల్ టార్పీడో మాత్రం నీటిలోనే రాకెట్ మోటార్‌తో దూసుకుపోతుంది.

ప్రశ్న అడిగిన విద్యార్థి:
ధన్యవాదాలు మేడమ్. మా ప్రయోగశాలలో గాజు తొట్టి ఉంది. గొట్టాన్ని బిగించి, మెడ నొక్కుకునే క్షణాన్ని ఫోన్ స్లో మోషన్‌లో తీసి ఇక్కడ పెడతాను.

జవాబు (ఒంగోలు):
తప్పక చేయండి. కళ్లద్దాలు పెట్టుకోండి, పీడన సెన్సార్‌ను ట్యాంకుకు కాక గొట్టం మూతి చుట్టూ బిగించిన పలకకు అమర్చండి.