గోదావరి పెరిగితే లాబ్రడార్‌ని, రెండు పిల్లుల్ని ఎలా తరలించాలి?

గట్టుకింద_ఇల్లు:
భద్రాచలంలో లోతట్టు కాలనీ, కింద పోర్షన్. కుక్క 28 కిలోలు. మొదటి ప్రమాద హెచ్చరికకే కదలాలా, రెండోదాకా ఆగొచ్చా? పిల్లుల్ని గోనెసంచిలో తీసుకెళ్లొచ్చా? కారు లేదండి, ఆటోనే.

లంకగాలి:
నది 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, అప్పుడే సర్దేయండి. రెండోది 48కి, అది రాకముందే ఇల్లు దాటించండి. 53కి మూడోది ఇస్తారు. అప్పటికి మీ వీధికి ఆటో రాకపోవచ్చు, పడవ వచ్చినా ముందు మనుషులకే చోటు. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది, మేడ మీద పెడితే చాల్లే అనుకోవద్దు. పునరావాస కేంద్రంలో కుక్కను రానిస్తారో లేదో ఇప్పుడే కనుక్కోండి.

గోనెసంచి వద్దేవద్దు. తడిస్తే గాలి ఆడదు. కూరగాయల ప్లాస్టిక్ ట్రేలు రెండు తీసుకుని ఒకదానిపై ఒకటి బోర్లించండి. ఒక వైపు కేబుల్ టైలు కాస్త వదులుగా వేస్తే మూతలా తెరుచుకుంటుంది, రెండో వైపు నాడాతో గట్టిగా కట్టేయొచ్చు. ఒక్కో పిల్లికి ఒక్కో జత. భయంలో ఎంత కలిసి పెరిగినవైనా రక్కుకుంటాయి. వారం ముందునుంచే తిండి అందులో పెట్టి అలవాటు చేయండి. సర్దడం మొదలెట్టే ముందే వాటిని బాత్‌రూమ్‌లో ఉంచి గడియ పెట్టండి. ఆ చప్పుడుకి అటకెక్కితే ఇక దిగవు.

గట్టుకింద_ఇల్లు:
కుక్కకి మెడపట్టీ చాలా?

పశువుల_మందు:
చాలదు. తడిసిన మెడలోంచి జారిపోతుంది, దాన్ని పట్టుకుని పడవలోకి లాగితే గొంతు బిగుస్తుంది. వీపు మీద పిడి ఉన్న హార్నెస్ (ఛాతీ చుట్టూ వేసే పట్టీ) కొనండి. పడవలో అడుగున, మధ్యలో కూర్చోబెట్టండి. తాడు చేత్తోనే పట్టుకోవాలి, పడవకు కట్టకూడదు. మూతికి గుడ్డ బిగించొద్దు, నోరు తెరిచి రొప్పితేనే కుక్క ఒళ్లు చల్లబడేది. కరుస్తుందనుకుంటే బుట్టలాంటి మజిల్ (మూతి తొడుగు) వేయండి.

తాగేనీళ్లు కుక్కకి రోజుకు 2 లీటర్లు, పిల్లికి పావు లీటరు చొప్పున 5 రోజులకు. వరదనీళ్లు తాగనివ్వద్దు, ఎలుకల మూత్రంతో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. దానికి కుక్కకు టీకా మొదటిసారైతే 2 నుంచి 4 వారాల తేడాతో రెండు డోసులు, అంటే మే నెలలోనే మొదలెట్టాలి. వాంతులు, పచ్చబడ్డ చిగుళ్లు కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. మూత్రం ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు, మనకీ అంటుతుంది.

జ్వరమని ఇంట్లో ఉన్న మాత్ర వేస్తుంటారు, అదే కొంప ముంచేది. పారాసెటమాల్ పిల్లి ప్రాణం తీస్తుంది, ఐబుప్రోఫెన్ కుక్క కిడ్నీలు పాడుచేస్తుంది.

లంకగాలి:
ఇంకోటండి, ఒకవేళ వదిలి వెళ్లక తప్పకపోతే గొలుసు తీసేయండి. మేడకెళ్లే తలుపులన్నీ తెరిచి పెట్టండి. ఒడ్డుకు చేరాక సంచార పశువైద్య వాహనానికి 1962కి ఫోన్ చేయండి.