సమస్య: "కుక్క చావె మిగుల గొప్ప చావు"

పానగల్లు (నిర్వహణ): నిన్న నల్లగొండ బస్టాండులో ఒకాయన ఇంకొకాయన్ని "కుక్కచావు చస్తవ్" అని తిట్టాడు. ఆ మాట ఇంటిదాకా వెంట వచ్చింది. తిరగేసి చూస్తే పాదమైంది. ఇదే చివరి పాదంగా పద్యం పూరించండి.

మిర్యాలగూడ టీచరమ్మ:

చాప మీద నున్న చంటివాని కడకు
కట్లపాము రాగఁ గాలు దువ్వి
యడ్డుపడ్డ బుజ్జి యసువు లచటె బాసె
కుక్క చావె మిగుల గొప్ప చావు

ఇది కల్పన కాదు. మొన్న వానల్లో మా చెల్లె ఇంట్లో జరిగింది. బుజ్జి పిల్లికన్నా కొంచెం పెద్దది, అంతే.

అచ్చంపేట అన్న: మూడో పాదం గుండెకు తాకింది. రెండో పాదం దగ్గర ఆగిపోయిన. కాలు దువ్వేది కోడె, కుక్క గుర్రుమంటది. పోయిన నెల మీ ముంగిస పద్యంలో కూడా ఇట్లనే పడగ లేని కట్లపాముకు పడగ పెట్టిన్రు.

మిర్యాలగూడ టీచరమ్మ: పడగ తప్పని అప్పుడే ఒప్పుకున్నాను, ఇంకెన్నిసార్లు తవ్వుతారన్నా? కాలు మాత్రం మార్చను. బుజ్జి వెనక కాళ్లతో మన్ను గీరి మరీ నిలబడ్డదట. చాప కూడా ఊరికే వేయలేదు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది. చాలాసార్లు కాటు నొప్పే తెలియదు. ఆ రాత్రి పిల్లవాడు లేవనే లేదు.

వనపర్తి విద్యార్థి: అయితే "దువ్వి" ఉండాల్సిందే టీచర్.

అచ్చంపేట అన్న: సరే, ఉండనీయండి. నాది ఇది.

ముంగి తప్పుకొనును మొనపంటి విషమును
కవచ మేది లేక కదనమునకు
దూకి చచ్చెనేని స్వర్గమ్ము దొరకును
కుక్క చావె మిగుల గొప్ప చావు

పానగల్లు: ముంగిసను పక్కన నిలబెట్టి కుక్కను ఎత్తడం అసలైన మెలిక. నాకు ఈ వారం ఇదే నచ్చింది. కానీ మూడో పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జత అక్షరం) ఏదీ? "దూ"కు "స్వ" పలకదు.

మిర్యాలగూడ టీచరమ్మ: పడగను పట్టుకున్న కన్ను యతిని వదిలేసింది!

వనపర్తి విద్యార్థి: ముంగిస తప్పుకోవడం ఒక్కటే కాదన్నా. నాగుపాము విషం కండరాల్లో ఎక్కడ అతుక్కుంటుందో, ముంగిసకు ఆ చోటే మారి ఉంటుంది. అందుకే దానికి విషం తేలిగ్గా పట్టదు. కుక్కకు ఆ రక్షణ లేదు. మీ "కవచ మేది లేక" అక్షరాలా నిజం.

అచ్చంపేట అన్న: ఆ సంగతి నాకు తెలియదు తమ్ముడూ, చిన్నప్పటినుంచి రెండింటినీ చూసి రాసిన. యతి తప్పు నాదే. మాటలు అటూ ఇటూ మారుస్తున్న:

దూకి చచ్చెనేని దొరకును స్వర్గమ్ము

టీచరమ్మా, ఇది బుజ్జికే.

మిర్యాలగూడ టీచరమ్మ: మా చెల్లెకు ఫోన్లో చదివి వినిపించాను. బుజ్జిని పూడ్చిన వేపచెట్టు కిందే కూర్చుని ఉందట. ఇంకోసారి చదవమంది.