సబోల్చ్-సత్మార్-బెరెగ్: హంగరీలోని ఈ జిల్లాకు మూడు పేర్లు ఎందుకు?

ప్రశ్న (పాతపట్నం, శ్రీకాకుళం జిల్లా)

అందరికీ నమస్కారం. మా మేనకోడలు హంగరీలోని డెబ్రెత్సెన్‌లో వైద్యవిద్య చదువుతోంది. మొన్న సెలవు రోజున దగ్గరలోని నీరెద్యహాజా పట్టణానికి వెళ్లి, అక్కడ గోడమీద ఉన్న జిల్లా పటాన్ని ఫోటో తీసి పంపింది. జిల్లా పేరు సబోల్చ్-సత్మార్-బెరెగ్, వైశాల్యం 5,936 చ.కి.మీ. 2022 విభజనకు ముందు మన శ్రీకాకుళం జిల్లా 5,837 చ.కి.మీ. ఉండేది కనుక, ఇంచుమించు మన జిల్లా అంతే గదా అని మరింత ఆసక్తి కలిగింది. ఒకే జిల్లాకు మూడు పేర్లు ఎందుకు వచ్చాయి? పేరులో సత్మార్ ఉంది గాని, సత్మార్ పట్టణం మాత్రం సరిహద్దుకు అవతల రొమేనియాలో కనిపిస్తోంది. 1936లో ఒడిశాకు వెళ్లిన పర్లాకిమిడికి కూతవేటు దూరంలో పుట్టి పెరిగినవాడిని. ఇలాంటి పటం చూస్తే కారణం తెలుసుకోకుండా ఉండలేను.

సమాధానం 1 (విజయనగరం, చరిత్ర ఉపాధ్యాయుడు)

ఆ పటంలో ఉన్నవి ఒక పాత జిల్లాలో అధిక భాగమూ, మరి రెండు జిల్లాల్లో మిగిలిన ముక్కలూ.

హంగరీ భాషలో జిల్లాను 'వార్మెద్యె' అంటారు. 'వార్' అంటే కోట. కోట చుట్టూ పెరిగిన మన ఊరివారికి ఈ మాట ఇట్టే బోధపడుతుంది. సుమారు 1000 ప్రాంతంలో మొదటి ఇష్ట్వాన్ రాజు ఒక్కో కోటకు 'ఇష్పాన్' అనే అధికారిని నియమించి, చుట్టుపక్కల భూభాగాన్ని అతని ఏలుబడిలో ఉంచాడు. టిసా నది ఒడ్డున సబోల్చ్ అనే చిన్న గ్రామంలో ఆ కాలపు మట్టికోట గట్లు ఈనాటికీ నిలిచి ఉన్నాయి. 1092లో లాస్లో రాజు మతసభ జరిపించినది అక్కడే.

ఇక మీ అసలు ప్రశ్న. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన హంగరీ 1920 జూన్ 4న ట్రియనాన్ సంధిపై సంతకం చేయవలసి వచ్చింది. దానితో సత్మార్ జిల్లాలో అధిక భాగం రొమేనియాకు, బెరెగ్ జిల్లాలో అధిక భాగం కేంద్రమైన బెరెగ్‌సాస్‌తో సహా చెకోస్లొవేకియాకు వెళ్లిపోయాయి. బెరెగ్‌సాస్ నేడు ఉక్రెయిన్‌లో ఉంది. 1923లో హంగరీ ప్రభుత్వం తనకు మిగిలిన సత్మార్, బెరెగ్ ముక్కలను, పొరుగున ఉన్న ఉగోచా అనే మరో పాత జిల్లా ముక్కను ఒక జిల్లాగా కూర్చి, దాని అధికారిక పేరులోనే "పాలనాపరంగా ప్రస్తుతానికి కలిపిన" అని రాసుకుంది. ఆ 'ప్రస్తుతానికి' అన్న ఒక్క మాటను నేను తరగతిలో చెప్పేటప్పుడు ప్రతిసారీ ఆగిపోతాను. పోయిన నేల తిరిగి వస్తుందన్న ఆశను ఒక దేశం తన జిల్లా పేరులో దాచుకుంది. 1938, 1940లలో జర్మనీ, ఇటలీ సరిహద్దులపై ఇచ్చిన వియన్నా తీర్పులతో చాలా భాగం వచ్చింది కూడా; రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మళ్లీ పోయింది. 1950లో, అంటే మన శ్రీకాకుళం జిల్లా ఏర్పడిన సంవత్సరంలోనే, వీటిని సబోల్చ్‌తో కలిపి 'సబోల్చ్-సత్మార్' అన్నారు. బెరెగ్ పేరు 1990లో గాని తిరిగి చేరలేదు.

సమాధానం 2 (శ్రీకాకుళం, నీటిపారుదల శాఖలో పనిచేసి విరమించినవాడిని)

చరిత్రను మాస్టారు చక్కగా చెప్పారు. నేను నదుల సంగతి చెబుతాను. వంశధార, నాగావళి రెండూ ఒడిశాలో పుట్టి మన వద్దకు వచ్చినట్లే, టిసా ఉక్రెయిన్ కొండల నుంచి, సమోష్ రొమేనియా నుంచి ఈ జిల్లాలోకి దిగుతాయి. ఎగువన వాన కురిస్తే దిగువన గుండె దడదడలాడడం అక్కడా ఉన్నదే. 1846లో ఈ జిల్లాలోని టిసాదోబ్ దగ్గర హంగరీ సంస్కర్త సేచెన్యీ ఆధ్వర్యంలో నదిని సరిచేసే పని మొదలయింది. మెలికలు కోసి, గట్లు కట్టి, దశాబ్దాల మీద నది పొడవును దాదాపు 450 కి.మీ. తగ్గించారు. సాగునేల పెరిగింది గాని, నీరు గట్ల మధ్య ఇరుక్కుని వరద మట్టం కూడా పెరిగింది. 1970 మేలో సమోష్ వరదకు నాద్యగేత్స్ అనే గ్రామం కూలిపోతే, అక్కడ మళ్లీ ఇళ్లు కట్టుకోనివ్వలేదు. 2001 మార్చిలో తర్పా వద్ద టిసా గట్టు తెగి బెరెగ్ గ్రామాలు మునిగాయి. గండి పడిన గట్టు మీద రాత్రంతా ఇసుక బస్తాలు వేయించినవాడిగా ఆ వార్త చదివి నాకు నిద్ర పట్టలేదు.

జిల్లా నడిమి భాగం మాత్రం ఇసుక నేల, పేరు నీర్షేగ్. 'నీర్' అంటే భూర్జవృక్షం. మన ఉద్దానం ఇసుకలో జీడి, కొబ్బరి పండినట్లు అక్కడ యాపిల్ పండుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మా మేనకోడలు మళ్లీ వెళితే తప్పక చూడవలసినది ఏది?

సమాధానం 1

సత్మార్‌చెకె గ్రామం చూడమనండి. హంగరీ జాతీయ గీతాన్ని కవి కోల్చెయ్ ఫెరెంత్స్ 1823 జనవరిలో ముగించినది ఆ ఊళ్లోనే. ఆయన సమాధీ అక్కడే ఉంది. ఆ శ్మశానంలో ఒక్కో సమాధికి నిలువెత్తు చెక్క దిమ్మె పాతి ఉంటుంది. పైభాగం నిలబెట్టిన పడవ ముక్కులా ముందుకు వంగి, నల్లగా ఉంటుంది. మన భావనపాడు ఒడ్డున నావలను ఇసుకలో నిలువుగా పాతితే ఎలా ఉంటుందో ఊహించుకోండి, అలా వరుసలు వరుసలుగా ఉంటాయి.