డిప్లొమా అయ్యాక కృష్ణపట్నం వైపు: అప్రెంటిస్‌గానా, కాంట్రాక్టరు కిందనా?

పెన్నాగట్టు:
మెకానికల్ డిప్లొమా చేతికొచ్చిన పిల్లకాయలకి నెల్లూరు, కందుకూరు, ఒంగోలు వైపు ముందు కనిపించేవి రెండు దారులు. ఒకటి, కంపెనీలో ఏడాది అప్రెంటిస్. 2019 నిబంధనల్లో డిప్లొమా వాళ్ళకి పెట్టిన కనీస స్టైపెండ్ నెలకి 8,000. రెండోది, అదే గేటు లోపల కాంట్రాక్టరు కింద పని. జీతం 15,000 అనుకుందాం. పని చూస్తే దాదాపు ఒకటే. అట్లాంటప్పుడు 8,000కి ఎందుకు పోవాలి? తెలిసినవాళ్ళు లెక్కతో చెప్పండి.

గేట్‌పాస్:
పోకూడదనే నా మాట. 15,000 మీద పీఎఫ్ 12 శాతం, అంటే 1,800. ఈఎస్ఐ 0.75 శాతం, 113. మన రాష్ట్రంలో 15,000 దాకా వృత్తి పన్ను లేదు. చేతికి 13,087 వస్తుంది. అప్రెంటిస్ కంటే నెలకి 5,087 ఎక్కువ, ఏడాదికి 61,044. అది కాక పీఎఫ్ ఖాతాలో మన 1,800కి యజమాని వాటాలోంచి 550 కలుస్తుంది. వడ్డీ వదిలేసినా ఏడాది తిరిగేసరికి 28,200. యజమాని వాటాలో మిగతా 1,250 పెన్షన్ ఖాతాకి పోతుంది. ఓటీ (అదనపు గంటల పని) చేస్తే గంటకి రెండింతలు. అప్రెంటిస్‌కి పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. అప్రెంటిస్‌షిప్ సలహాదారు అనుమతి లేకుండా ఓటీ చేయించడానికీ లేదు. కృష్ణపట్నం పక్కన ముత్తుకూరులో గది అద్దె, మెస్సు ఖర్చు పెట్టుకుని 8,000తో నెల గడవాలంటే ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోవాల్సిందే.

డయల్‌గేజ్:
గేట్‌పాస్ అన్నా, నీ లెక్క సరైందే. కానీ తిరిగిరాని ఒక విషయాన్ని అది పట్టించుకోలేదు. డిప్లొమా పాసయ్యాక ఏడాదో, అంతకంటే ఎక్కువో పని అనుభవం ఉన్నవాళ్ళని నాట్స్‌లోకి, అంటే డిప్లొమా, డిగ్రీ వాళ్ళని అప్రెంటిస్‌గా పెట్టే కేంద్ర ప్రభుత్వ పథకంలోకి తీసుకోరు. అంటే ముందు అప్రెంటిస్ చేసి తర్వాత కాంట్రాక్టరు కింద చేరొచ్చు, ముందు కాంట్రాక్టరు కింద ఏడాది చేస్తే అప్రెంటిస్ తలుపు మూసుకుపోతుంది. పిల్లకాయలకి ఈ వరస ఎవరూ చెప్పడంలేదు, అదే బాధ.

రెండో సంగతి, కాగితం. కాంట్రాక్టరు కింద చేస్తే పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో పడేది కాంట్రాక్టరు పేరు, కంపెనీ పేరు కాదు. రెజ్యూమేలో కంపెనీ పేరు వేసుకుని, తర్వాతి చోట యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి శాశ్వత నంబరు) చూసినప్పుడు ఇంకో పేరు బయటపడితే అబద్ధం చెప్పినట్టే లెక్క. చెన్నైలోని అప్రెంటిస్‌షిప్ శిక్షణ బోర్డు సర్టిఫికెట్‌లో కంపెనీ పేరే ఉంటుంది.

గేట్‌పాస్:
సర్టిఫికెట్ ఉంటే ఉద్యోగం ఇవ్వాలని చట్టంలో ఎక్కడుంది? 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం శిక్షణ అయ్యాక తీసుకోవాల్సిన బాధ్యత కంపెనీకి లేదు. అప్రెంటిస్ కార్మికుడు కూడా కాదు, శిక్షణార్థి. ఏడాది కాగానే ఇంకో బ్యాచ్‌ని దించుతారు.

చీమకుర్తి రాయి:
ఇద్దరి మాటల్లోనూ నిజముంది గానీ, అసలు మోసం జరిగేది మధ్యలో. "ట్రైనీ" అని చేర్చుకుంటారు, నాట్స్ పోర్టల్‌లో ఒప్పందం నమోదు చేయరు. ఏడాది తర్వాత బోర్డు సర్టిఫికెట్ రాదు, పీఎఫ్ కూడా ఉండదు. రెండిటికీ చెడ్డ రేవడి అవుతారు. అందుకే చేరిన వారంలోనే ఒప్పందం మీ లాగిన్‌లో కనబడుతోందా చూసుకోండి. కనబడకపోతే హెచ్‌ఆర్‌ని రాతపూర్వకంగా అడగండి. నాట్స్ నమోదుకి పైసా కట్టక్కర్లేదు, ఎవడైనా ఫీజు అడిగితే దండం పెట్టి వచ్చేయండి.

స్టైపెండ్‌లో ప్రభుత్వం వాటా సగం నేరుగా ఖాతాలో పడాలంటే ఆ ఖాతాకి ఆధార్ సీడింగ్ (అనుసంధానం) అయి ఉండాలి. ఇక మన వాళ్ళకి తప్పని తంటా పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరంగా మారి వెనక్కి పోతుంది. నమోదుకి ముందే ఆధార్‌ని మెమో ప్రకారం సరిచేయించండి. యూఏఎన్ కూడా ఆధార్ పేరుతోనే వస్తుంది కాబట్టి ఈ పని ఒక్కసారి చేస్తే రెండు దారులకీ సరిపోతుంది.

కాంట్రాక్టరు కింద చేరేవాళ్ళు నెలనెలా పీఎఫ్ పాస్‌బుక్ చూడాలి. జీతంలో కోసి ఖాతాలో వేయకపోతే మొదటి నెలల్లోనే తెలిసిపోతుంది. మానేశాక కాంట్రాక్టరు పీఎఫ్ ఖాతాలో ఎగ్జిట్ తేదీ (పని మానిన తేదీ) వేయకపోతే, చివరి జమ పడిన రెండు నెలల తర్వాత సభ్యుడే పీఎఫ్ పోర్టల్‌లో వేసుకోవచ్చు. కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త యూఏఎన్ తీయనివ్వొద్దు, పాతదే ఇవ్వండి.

డయల్‌గేజ్:
కంపెనీ ఉంచుకోకపోవచ్చు, ఒప్పుకుంటా. అందుకే ఆ ఏడాది ఏం నేర్చుకున్నారన్నదే ముఖ్యం. మెయింటెనెన్స్ ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ చూశాక అడిగేది, "6205 బేరింగ్ లోపలి వ్యాసం ఎంత?" చివరి రెండంకెలని అయిదుతో గుణిస్తే 25 మిల్లీమీటర్లు. డయల్ గేజ్‌తో కప్లింగ్ అలైన్‌మెంట్ (రెండు షాఫ్టులు ఒకే వరసలో ఉన్నాయా అన్నది) ఎట్లా చూస్తావు, పంపులో కేవిటేషన్ (ద్రవంలో ఆవిరి బుడగలు పుట్టి పగలడం) వస్తే శబ్దం ఎట్లా ఉంటుంది, ఎస్ఏపీలో (కంపెనీ పనులు నమోదు చేసే సాఫ్ట్‌వేర్) బ్రేక్‌డౌన్ నోటిఫికేషన్ ఎట్లా వేస్తావు, ఇవీ ప్రశ్నలు. కన్వేయర్ ఆగితే ముందు పీఎల్‌సీ (యంత్రాన్ని నడిపే కంట్రోలర్) స్క్రీన్ మీద అలారం చదవాలి, తర్వాతే పానా పట్టాలి. ఇప్పుడు ఆ చదవడం రానివాణ్ణి ఫిట్టర్ పక్కన హెల్పర్‌గానే ఉంచేస్తారు. అప్రెంటిస్‌కి "నేర్పండి" అని అడిగే హక్కు ఉంది. కాంట్రాక్టరు మనిషిని ఎక్కువసార్లు ఒకే పనికి కట్టేస్తారు.

గేట్‌పాస్:
ఆ చివరి మాట నిజం, కాదనను. అయినా ఇంటి భారం మోసే పిల్లవాడికి 61,000 చిన్న మొత్తం కాదు. మీరు మరిచిన ఇంకో దారి ఉంది. 2025 నవంబర్ 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. నియామక పత్రం అందరికీ ఇవ్వాలి. ఫిక్స్‌డ్ టర్మ్ (నిర్ణీత కాలం) మీద కంపెనీ సొంత రోల్స్‌లో (ఉద్యోగుల జాబితాలో) చేరితే అదే పని చేసే పర్మినెంట్ వాళ్ళకిచ్చే వేతనమే ఇవ్వాలి, ఏడాది నిండితే గ్రాట్యుటీ కూడా. కాంట్రాక్టరు దగ్గరికి పోయేముందు హెచ్‌ఆర్‌ని ఈ ముక్క అడగండి.

పెన్నాగట్టు:
ఇప్పటికే కాంట్రాక్టరు కింద ఎనిమిది నెలలు చేసినవాళ్ళ సంగతేంది?

డయల్‌గేజ్:
ఏడాది నిండలేదు కాబట్టి అవకాశం ఉంది, కానీ నాలుగు నెలలే. ఎంపికకీ ఒప్పందానికీ వారాలు పడతాయి. ఈ నెలలోనే నమోదు చేసుకుని కంపెనీలకి దరఖాస్తులు పెట్టండి. ఒప్పందం ఖాయమయ్యేదాకా ఉన్న పని మానొద్దు. మానేటప్పుడు కాంట్రాక్టరు దగ్గర రిలీవింగ్ లెటర్ అడిగి తీసుకోండి, అందులో చేరిన తేదీ, మానిన తేదీ రెండూ ఉండాలి.