రిలాక్సేషన్ థెరపీకి 18 వేలు... పెట్టొచ్చా?

మియాపూర్_నైట్‌షిఫ్ట్:
అందరికీ నమస్తే. రెండేళ్ళుగా యూఎస్ షిఫ్ట్, మధ్యాహ్నం మెట్రో ఎక్కితే మళ్ళీ క్యాబ్‌లో ఇంటికొచ్చేసరికి రాత్రి రెండవుతుంది. ఆర్నెల్ల నుంచి మెడ పట్టేసి ఉంటోంది, లేవగానే దవడ నొప్పి, నిద్రలో పళ్ళు కొరుకుతున్నానంట, మా ఆవిడ చెప్తేనే తెలిసింది, ఆమెకీ నిద్ర లేదు నాకూ లేదు. ఎమ్మారై, థైరాయిడ్, బీ12 అన్నీ చేయించా, అన్నీ నార్మలే. డాక్టరేమో "స్ట్రెస్సే, కాస్త రిలాక్స్ అవ్వండి" అన్నాడు, ఎలా అవ్వాలో మాత్రం చెప్పలేదు. మాదాపూర్‌లో ఒక సెంటర్‌కి వెళ్తే బాడీ-మైండ్ రిలాక్సేషన్ థెరపీ, పది సెషన్లకి 18 వేలన్నారు. డెమోలో ఫ్లూట్ మ్యూజిక్ పెట్టి పడుకోబెట్టారు, నిజం చెప్పాలంటే గురక పెట్టి నిద్రపోయా. ఇందులో నిజంగా విషయం ఉందా, లేక ఏసీ రూములో కునుకుకి 18 వేలా?

ఫిజియో_కూకట్‌పల్లి:
మీలాంటి మెడలు రోజూ చూస్తుంటా. థెరపీ నిజమే, ఆ రేటే కామెడీ. అమెరికాలో జాకబ్సన్ అనే డాక్టర్ 1920ల్లోనే చెప్పిన పద్ధతి ఒకటుంది, ప్రోగ్రెసివ్ మజిల్ రిలాక్సేషన్ అంటారు. కండరాన్ని వదులు చెయ్యమంటే మనకి రాదు, అసలది బిగుసుకున్న సంగతే తెలీదు కాబట్టి, అందుకని ముందు కావాలని బిగించి తర్వాత వదిలేయాలి, ఆ తేడా ఒంటికి తెలియాలి. ఇది చదువుతూనే చూస్కోండి, మీ పై పళ్ళు కింది పళ్ళు ఆనుకుని ఉన్నాయా? నమిలేటప్పుడు, మింగేటప్పుడు తప్ప ఆనకూడదు. ఇప్పుడు పిడికిలి ఒక 5-7 సెకన్లు బిగించండి, మరీ ఫుల్ ఫోర్స్ వద్దు, ఠక్కున వదిలేసి ఒక 20 సెకన్లు ఏం చేయకుండా వేళ్ళల్లో ఆ వెచ్చదనం గమనించండి. తర్వాత భుజాలు చెవుల దాకా ఎత్తి వదలడం, నుదురు, పొట్ట, కాళ్ళు. 15 నిమిషాల పని. దవడ జోలికి మాత్రం పోవద్దు, అదసలే నొప్పి మీదుంది. ఒకసారి డెంటిస్ట్‌కి చూపించండి, పళ్ళు అరిగుంటే నైట్ గార్డ్ ఇస్తారు, అంటే రాత్రి పళ్ళకి పెట్టుకునే తొడుగు.

తార్నాక_తమ్ముడు:
అన్నా, గా 18 వేలతోని వదినను తీస్కొని అరకు పోయి రా. అమీర్‌పేటల గవర్నమెంట్ నేచర్ క్యూర్ హాస్పిటల్ ఉంది గదా, ఒకసారి ఆడ అడుగు. షిఫ్ట్ మారకుంటే ఫ్లూట్ కాదు సన్నాయి ఊదినా గంతే 😄

టీచరమ్మ_కొత్తపేట:
బాబూ, డెమోలో నిద్రపట్టిందంటే అది రిలాక్సేషన్ కాదు, నీ నిద్ర బాకీ. నేను యోగనిద్ర చేస్తాను, బీహార్‌లో ముంగేర్ యోగా స్కూల్ పెట్టిన స్వామి సత్యానంద సరస్వతి పద్ధతి. పేరులో నిద్ర ఉంది గానీ నిద్రపోకూడదు, శవాసనంలో పడుకుని కుడి బొటనవేలు, చూపుడువేలు అని వాళ్ళు చెప్తుంటే మనసు ఒక్కో చోటికీ వెళ్తూ ఉండాలి. మొదటి పది రోజులు నేను కుడి మోకాలు దాటలేదు, అక్కడికే నిద్ర! ఇప్పుడు చివరిదాకా మెలకువగా ఉంటాను. బీపీ మాత్ర మాత్రం మానలేదు, దీనితో మానేయొచ్చని ఎవరన్నా చెప్తే నమ్మొద్దు.

పేరు_చెప్పను:
ఒక సంగతి ఎవరూ చెప్పట్లేదు. కొందరికి రిలాక్స్ అవ్వబోతే గాభరా ఇంకా పెరుగుతుంది. నాకదే అయింది, కళ్ళు మూసుకోమనగానే గుండె దడ, క్లాసులోంచి లేచి వచ్చేశా, నాకే ఏదో లోపం అనుకున్నా. తర్వాత సైకాలజిస్ట్ చెప్పింది ఇది కొందరికి ఉండేదేనని, కళ్ళు తెరిచే, కూర్చునే, రెండు నిమిషాలతో మొదలుపెట్టమంది. ఊపిరి తీసుకుంటూ 4 లెక్కపెట్టడం, వదులుతూ 6, అంటే నిమిషానికి ఆరు శ్వాసలు. వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, మణికట్టు మీద వేలు పెట్టుకుంటే తెలుస్తుంది కూడా. మరీ కష్టంగా ఉంటే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చెయ్యండి, గవర్నమెంట్‌దే, ఫ్రీ, తెలుగులో మాట్లాడొచ్చు.

మియాపూర్_నైట్‌షిఫ్ట్:
అప్‌డేట్. 18 వేలు కట్టలేదు. 20 రోజులైంది, పిడికిలి, భుజాలు క్యాబ్‌లోనే చేస్తున్నా, డ్రైవర్ అద్దంలోంచి వింతగా చూస్తున్నాడు. సిగ్నల్ పడ్డప్పుడల్లా పళ్ళు ఆనుకున్నాయా అని చూస్కుంటున్నా, పదిసార్లలో తొమ్మిదిసార్లు ఆనుకునే ఉంటున్నాయి. దవడ నొప్పి సగం తగ్గింది, మెడ మాత్రం అలాగే ఉంది. డెంటిస్ట్ రెండు పళ్ళు అరిగాయన్నాడు, గార్డ్‌కి కొలతలిచ్చా. టీచరమ్మ గారూ, నేనింకా మోకాలి దగ్గరే ఉన్నా. పళ్ళు కొరకడం తగ్గింది గానీ గురక మొదలైందంటోంది మా ఆవిడ, దానికి వేరే థ్రెడ్ పెడతా.